నాన్నగారి కొలనులో పదకొండు చేపలు

ప్రశ్న: నమస్కారం సార్. మా నాన్నగారు మొన్న జూన్‌లో పోయారు. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఆయన కట్టుకున్న పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. సంక్రాంతి వెళ్లగానే పడగొడతారు. పెరట్లో మామిడి చెట్టు కింద ఆయన కట్టించిన కొలను ఉంది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. అందులో పన్నెండు కోయి చేపలుండేవి. అన్నిటికంటే పెద్దదానికి నాన్న ‘కలెక్టర్’ అని పేరు పెట్టారు. మూరెడు ఉంటుంది, తెల్లటి ఒంటికి నెత్తిన మాత్రం బొట్టు పెట్టినట్టు ఎర్ర మచ్చ. ఆయన స్టీలు గ్లాసుతో గట్టు మీద టకటకమనిపిస్తే అన్నీ వచ్చేసేవి. మేం ఉండేది నిజాంపేటలో, నాలుగో అంతస్తులో. అన్నయ్యేమో చెరువులో వదిలేద్దాం, పుణ్యం కూడా అంటున్నాడు. కొలను మురికిగా ఉంటే ఎవరూ తీసుకోరని పోయిన ఆదివారం నీళ్లన్నీ తోడించి, గోడల పాచి బ్రష్‌తో రుద్దించి, ట్యాంకర్ నీళ్లు పట్టించాడు. మర్నాటి నుంచి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి చచ్చిపోయింది. ఒకటే టెన్షన్‌గా ఉంది. వీటిని ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి సగం జవాబు చెప్పేశాను. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగితే చేపలు ఆగవు. ఆ సగం కూడా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఇల్లు ఖాళీ చేసే తొందరలో ఇదే పని చేసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి.

అన్నయ్యను ఏమీ అనకండి. మలక్‌పేటలో ఇరవై ఆరేళ్లు అక్వేరియం షాపు నడిపినవాణ్ణి. శుభ్రం చేసి చేపల్ని చంపుకున్నవాళ్లే నా దగ్గరకి ఎక్కువగా వచ్చేవారు, మురికిలో చంపుకున్నవాళ్లు తక్కువ. ఆ గోడల మీద జారుడుగా, ఆకుపచ్చగా ఉండేది ఉత్త పాచి కాదు. చేపల ఒంట్లోంచి వచ్చే వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీళ్లలో అమోనియా పుడుతుంది. అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. గోడలకీ రాళ్లకీ అంటుకుని బతికే సూక్ష్మజీవులు ఆ అమోనియాని నైట్రైట్‌గానూ, దాన్ని మళ్లీ పెద్దగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. మీ నాన్నగారు ఏళ్ల తరబడి తెలిసో తెలియకో వాటినీ పెంచారు. బ్రష్ పెట్టి రుద్దడంతో అవి పోయాయి. మళ్లీ పట్టడానికి నెల పైనే పడుతుంది.

ఇక ట్యాంకర్ నీళ్లు. మంచినీళ్ల ట్యాంకర్ అయితే క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లు అయితే అప్పుడే భూమిలోంచి వచ్చినవి కాబట్టి ఆక్సిజన్ తక్కువ. రెండిట్లో ఏదైనా ఒక్కసారిగా నింపితే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. అది ఆకలి కాదు. పాపం అనుకుని మేత వేశారో, అమోనియా ఇంకా పెరుగుతుంది. ఫోన్‌లో ముందు మేత ఆపమన్నది అందుకే. కోయి వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు.

మిగతావి కూడా ఇవే: గాలి పంపు రాత్రింబవళ్లూ నడపడం, షాపులో ‘యాంటీ క్లోరిన్’ అని అమ్మే సోడియం థయోసల్ఫేట్‌ను సీసా మీద రాసిన లెక్క ప్రకారం కలపడం, రోజూ ఐదో వంతు నీళ్లు తీసి, డ్రమ్ముల్లో ముందురోజు నుంచీ గాలి ఆడిస్తూ ఉంచిన నీళ్లు పోయడం. ఆపైన కల్లుప్పు. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. మీ కొలను సుమారు 4,200 లీటర్లు. వెయ్యి లీటర్లకి కిలో చొప్పున నాలుగు కిలోలు, బకెట్లో కరిగించి, ఒకరోజులో నాలుగు విడతలుగా పోయమన్నాను. ఉప్పులోని క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి అంత తేలిగ్గా ఎక్కదు. నాలుగో రోజుకి చేపలు అడుక్కి దిగాయని మీరు చెప్పాక నేనూ స్థిమితపడ్డాను.

సరే, ఇక అసలు ప్రశ్న.

చెరువు మాట ముందు తేల్చేద్దాం. కోయి అంటే ఏదో దేవలోకపు చేప కాదు. మన చేపల మార్కెట్లో దొరికే బంగారుతీగ ఉంది చూశారూ, దాని రంగుల చుట్టమే. జపాన్‌లో నీగాతా కొండల్లోని వరి రైతులు తిండికోసం పెంచుకున్న ఈ జాతి చేపల్లో, సుమారు రెండు వందల ఏళ్ల కిందట, ఎరుపూ తెలుపూ మచ్చలవి పుట్టాయి. వాటిని ఏరి, జతకట్టించి, ఈ రంగులు తెచ్చారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాక లోకానికి తెలిశాయి. మూతికి రెండు పక్కలా మీసాలుంటాయి చూడండి, గోల్డ్ ఫిష్‌కి ఉండవు. మీ కలెక్టర్ లాగా తెల్లటి ఒంటికి నెత్తిన ఒక్క ఎర్ర బొట్టు ఉంటే వాళ్లు ‘తాంచో’ అంటారు. మీ నాన్నగారు ఎంచి తెచ్చుకున్నారో, అదృష్టవశాత్తూ దొరికిందో గానీ, అది అందరి దగ్గరా ఉండేది కాదు.

‘బంగారుతీగ పిల్లల్ని ప్రభుత్వమే చెరువుల్లో వదులుతుంది కదా, ఇవి వదిలితే తప్పేంటి’ అని మీ అన్నయ్య అడగొచ్చు. మంచి ప్రశ్నే. 1939లో శ్రీలంక నుంచి ఊటీకి, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి తెచ్చిన జాతి అది, మనకీ పరాయిదే. పైగా మేతకోసం అడుగు బురద తవ్వి నీళ్లు కలక చేస్తుంది, మొక్కల వేర్లు పెకలిస్తుంది. దాన్ని వదిలేది మళ్లీ పట్టుకోవడానికి. మన చెరువుల్లో చాలావాటి మీద చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సంఘాలది. మీ కలెక్టర్‌ని అక్కడ వదిలితే వల వేసిన రోజున బంగారుతీగలతో పాటే తక్కెట్లోకి ఎక్కుతుంది. అదీ అప్పటిదాకా బతికితే. ఎర్రగా, తెల్లగా మెరిసే చేప కొంగ కంట పడకుండా ఎన్నాళ్లుంటుంది? నగరంలో మురుగు కలిసే చెరువుల్లో ఎండాకాలం ఆక్సిజన్ పడిపోయి చేపలు తెల్లగా తేలడం మనం పేపర్లో చూస్తూనే ఉంటాం.

ఇంకో సంగతి, మన ఇళ్లలోని చేపలు వెంట రోగాలు మోసుకెళ్తాయి. చేప పేను, యాంకర్ వార్మ్ లాంటి పురుగులు చిన్నగా ఉన్నప్పుడు కంటికి కనబడవు. అక్వేరియంలో అద్దం నాకుతుందని కొని, పెద్దదయ్యాక చెరువులో పారేసిన సక్కర్ చేప ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో జాలర్ల వలలు చింపుతోంది. అది ఎంతదూరం పాకిందో కనిపెట్టడానికి మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ వెతకాల్సి వచ్చింది. ఆ చేపల్లో కొన్ని నా షాపులో అమ్మినవే అయ్యుండొచ్చు. గుడి కోనేరు కూడా వద్దు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, మరమరాలు ఎక్కువ.

ఎవరికివ్వాలి అంటారా? చూడాల్సింది మనిషిని కాదు, నీళ్లని. చేపలంటే ప్రాణం అనేవాళ్లు చాలామంది వస్తారు. వాళ్ల ఇల్లు, కారు, ప్రేమ పక్కన పెట్టి, నీళ్ల ఫొటో అడగండి. ఎదిగిన కోయి ఒక్కోదానికి వెయ్యి లీటర్లు అని నేను లెక్క వేసుకుంటాను, లోతు నాలుగడుగులుంటే మేలు. ఆ లెక్కన మీ నాన్నగారి కొలనే ఇరుకు. మామిడి నీడ, పాత పాచి, రోజూ గట్టు మీద కూర్చుని చూసే ఒక కన్ను, ఈ మూడూ కలిసి నెట్టుకొచ్చాయి. కొత్తవాళ్లకి ఆ మూడూ ఉండవు కాబట్టి పదకొండూ ఒక్కరికే ఇవ్వాలని పట్టుబట్టకండి. నాలుగు ఒకచోట, ఏడు ఒకచోట అయినా ఫరవాలేదు. ఒక్కదాన్ని మాత్రం ఒంటరిగా పంపకండి, ఇవి గుంపులో తిరిగే చేపలు.

గాజు అక్వేరియం ఎంత పెద్దదైనా వద్దు. రిసార్టుల ముందు నీలం టైల్స్ వేసి, ఫౌంటెన్ పెట్టి, అడుగు లోతు నీళ్లుండే కొలనులు వద్దే వద్దు. మే నెల మధ్యాహ్నం ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌసులవాళ్లు అడుగుతారు. వాళ్లలో మంచి కొలనులున్నవాళ్లున్నారు. కానీ వాగుకి కలిసి ఉందా, బొచ్చె, రోహు కూడా అందులోనే పెంచుతున్నారా అని అడగండి. పెంచుతుంటే ఏదో ఒకరోజు వల పడుతుంది. కరెంటు పోతే పంపు దేనిమీద నడుస్తుందో అడగండి. ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పినవాడు చేపలు పెంచినవాడే. మేత వేసేది ఎవరు, యజమానా, తోటమాలా? తోటమాలి అయితే ఆయనతోనే మాట్లాడండి.

అక్వేరియం షాపువాళ్లు అరచేతి కంటే చిన్నవాటిని సంతోషంగా తీసుకుంటారు. మూరెడు చేపని కొనేవాడు అరుదు, షాపు తొట్టిలో నెలల తరబడి ఒళ్లు రాసుకుంటూ ఉండిపోతుంది. మిద్దె తోటల గ్రూపుల్లో, చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెడితే త్వరగా పని అవుతుంది. ‘ఫ్రీ’ అని మాత్రం రాయకండి. చేపకి ఐదొందలో వెయ్యో అడగండి, ఆ డబ్బు నాన్నగారి పేరున ఎక్కడైనా ఇచ్చేయండి. ఊరికే వచ్చినదాన్ని కూర వండుకునేవాడు, వెయ్యి ఇచ్చి కొన్నదాన్ని వండుకోడు. రాజేంద్రనగర్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో ఉన్న మత్స్యాభివృద్ధి బోర్డు భవనం చూసి, అక్కడ ఇవ్వొచ్చా అని కూడా నన్నడిగారు ఒకరు. అది ఆఫీసమ్మా, లోపల ఫైళ్లుంటాయి.

తరలించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్లో నేను తప్పు చేశాను. ఒక మే నెలలో బంజారాహిల్స్ ఇంట్లోంచి ఆరు పెద్ద కోయిల్ని శంకర్‌పల్లి దగ్గరి తోటకి తీసుకెళ్లాను. నీలం డ్రమ్ములో, ట్రాలీ ఆటో మీద, పగలు పదకొండింటికి. ఆక్సిజన్ లేదు, డ్రమ్ము నిండా నీళ్లున్నాయి కదా అనుకున్నాను. మెహదీపట్నం దాటేసరికే గంట పట్టింది. తోటలో మూత తీస్తే నాలుగు వెల్లకిలా ఉన్నాయి. ఆ తోటాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి కావాల్సిందేమో పెరుగుతుంది. మీకు చలికాలం రావడం కలిసొచ్చింది. డిసెంబరు మూడో వారం దాకా చేపల్ని కోలుకోనిచ్చి, ఏదైనా తెల్లవారుజామున పెట్టుకోండి.

రెండు రోజుల ముందు నుంచి మేత ఆపండి. కడుపు నిండిన చేప దారిలో సంచినే మురికి చేసుకుంటుంది. ఆ తెల్లవారుజామున నీళ్లు మోకాలి లోతుకి దించండి. ఇద్దరు మనుషులు, వెడల్పాటి వల ఒకటి, పెద్ద టబ్బు ఒకటి చాలు. వలతో చేపని పైకి ఎత్తకూడదు. తన బరువుకి తనే నలిగి, రెక్కలు చీలి, పొలుసులూడతాయి. వలని గోడలా పట్టుకుని, తరుముతున్నట్టు కాకుండా నెమ్మదిగా తోసుకుంటూ నీళ్లలోనే ఉన్న టబ్బులోకి మళ్లించాలి. మీదపడితే ఎగురుతుంది. టబ్బులోకి రాగానే పైన తడి గుడ్డ కప్పితే చీకటికి సర్దుకుంటుంది. చేత్తో ముట్టుకోవాల్సివస్తే చెయ్యి తడిపి ముట్టుకోండి. ఒంటి మీది ఆ జిగురే దానికి చొక్కా, పొడి చెయ్యి దాన్ని తుడిచేస్తుంది.

సంచులు దళసరివి కావాలి, ఒకదాంట్లో ఒకటి రెండేసి. మూడో వంతు నీళ్లు, మిగతాదంతా సిలిండర్ ఆక్సిజన్. డబ్బులిస్తే షాపువాళ్లు సిలిండర్‌తో ఇంటికొచ్చి నింపిపెడతారు. పెద్ద చేపకి ఒక్కోదానికి ఒక్కో సంచి. సంచిని నిలబెట్టకుండా పడుకోబెట్టండి, చేప తలా తోకా కారు కుడి ఎడమ తలుపుల వైపు ఉండేలా. డ్రైవర్ బ్రేకు వేసినప్పుడు ముక్కు కొట్టుకోకుండా అదొక్కటే ఉపాయం. పైన దుప్పటి కప్పండి.

అక్కడికి చేరాక సంచి కట్టు విప్పకుండానే కొత్త నీళ్ల మీద పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. వేడి సమానమయ్యాక చేపని మాత్రం వదలండి, సంచిలోని నీళ్లు కొలనులో పోయనివ్వకండి. వాళ్ల దగ్గర అప్పటికే కోయిలుంటే మీవాటిని మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. కోయి హెర్పిస్ అని ఒక వైరస్ ఉంది. పైకి బాగున్న చేప కూడా మోసుకొస్తుంది, ఎక్కితే కొలను కొలనంతా ఊడ్చుకుపోతుంది. దీనికి ఒప్పుకోనివాళ్లకి ఇవ్వకండి. వాళ్లు ‘అబ్బే, ఏం కాదండీ’ అన్నారంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

కలెక్టర్‌ని మీ అబ్బాయి ఫ్లాట్ బాల్కనీలో సిమెంటు తొట్టి పెట్టి ఉంచుకుంటానంటున్నాడని ఫోన్‌లో అన్నారు. వద్దమ్మా. ఆ చేప ఇంకో పదేళ్లు బతకొచ్చు, ఇరవై ముప్ఫై ఏళ్లు బతికే జాతి. బాల్కనీ తొట్టిలో పదేళ్లంటే జైలు. దానికి తోడు వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, మీ బాల్కనీకీ మంచిది కాదు. అది వెళ్లే చోటికి నెలకోసారి వచ్చి చూసుకుంటామని ముందే మాట తీసుకోండి. ఆ స్టీలు గ్లాసు కూడా ఇచ్చి పంపండి. ఈ జాతి చేపలకి వినికిడి చాలా బాగుంటుంది. గాలితిత్తి నుంచి లోపలి చెవికి చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, నీళ్లలో చప్పుడు దాని గుండా చేరుతుంది. మొదటి వారం మేత వేసే ప్రతిసారీ గట్టు మీద నాన్నగారు కొట్టినట్టే కొట్టమని చెప్పండి. కొత్తచోట బెదిరిన చేప మేతకి రావడానికి ఒక్కోసారి పది రోజులు పడుతుంది, తెలిసిన చప్పుడు ఉంటే ముందే రావచ్చు.

ఆఖరి చేప వెళ్లిన రోజే కొలను ఎండగట్టించండి. బిల్డర్ వచ్చేదాకా నీళ్లు నిలవుంటే వీధి మొత్తానికి దోమలు.

ప్రశ్న: మా మామగారి ఇంట్లో నీళ్ల తొట్టిలో ఒక తాబేలు ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు. ఇల్లు అమ్మేశాం. దాన్ని సఫిల్‌గూడ చెరువులో వదలొచ్చా?

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వద్దు, అది ఏ తాబేలో తెలిసేదాకా ఎక్కడా వదలకండి. కంటి వెనక ఎర్ర చార ఉంటే అది అమెరికా నుంచి వచ్చిన జాతి, షాపుల్లో రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొంటారు. చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. పొట్ట అడుగున వెనక కాళ్లని మూసుకునే మెత్తటి రెక్కల్లాంటివి ఉంటే అది మన చెరువుల తాబేలే. అలాంటిదాన్నీ, నక్షత్ర తాబేలునీ ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మామగారి కాలం నుంచి ఉందన్నది చట్టానికి పట్టదు. కంగారు పడకుండా అటవీ శాఖకి ఫోన్ చేసి, ఇలా ఇంట్లో దొరికింది, అప్పజెప్తాం అని చెప్పండి. నక్షత్ర తాబేలు అయితే ఇవాళే నీళ్లలోంచి బయటికి తీయండి. అది నేల మీద బతికేది, తొట్టిలో మునిగిపోతుంది. ఫొటోలు పంపండి. పై డిప్ప, కంటి పక్క, పొట్ట అడుగు, మూడూ కనిపించాలి.